మూడు దుమ్ముల బండి

"ఐదింటికి వచ్చి మా ఆయన్ని పట్టుకుపోతామన్నారన్నా," అంది సర్దార్‌బీ. "బండిని కూడా పట్టుకుపోతారంట. ఆ మనిషి బండి కోసం ఏడుస్తున్నాడు గానీ తన కోసం ఏడవట్లేదు చూడు."

వాచీ చూసుకున్నాను. శనివారం మధ్యాహ్నం రెండూ పది. నా చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ సర్వేయరుగా కాలిన లారీలూ మునిగిన కార్లూ చూసి చూసి, విసుగెత్తి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నవాణ్ణి నేను. గుంటూరులో అంకమ్మరావు పేరు చెబితే అబద్ధాలకోరులకు ముచ్చెమటలు పడతాయి. ఈ మాట నేనే అందరికీ చెబుతుంటాను. ఇంకెవరూ చెప్పడం లేదు మరి, ఏం చేయను?

ఆటోనగర్‌లో పీరు మెకానిక్‌ది రేకుల షెడ్డు. అది ఒకవైపు మూడో లైన్లోకి తెరుచుకుంటుంది. షెడ్డు మధ్యలో మీగడ రంగు అంబాసిడర్ ఒకటి నిగనిగలాడుతూ నిలబడి ఉంది. దాని బానెట్ మీద చెయ్యి వేసుకుని, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు పీరు. యాభై ఏళ్ళ మనిషి. చొక్కా మీద ఎన్ని రకాల గ్రీజు ఉందో లెక్కపెట్టడం నా వల్ల కాదు.

"ఏడుపు తర్వాత. ముందు విషయం చెప్పు," అన్నాను.

"మూడు చచ్చిన అంబాసిడర్లు కొని ఒకటి చేశాను సార్. రెండేళ్ళు పట్టింది. బాడీ మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ వ్యాపారిది. కాగితాలన్నీ దాని పేరు మీదే ఉన్నాయి. ఇంజన్ చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లు బండిది. బానెట్టూ, ముందు ఎడమ మడ్‌గార్డూ మా జాన్ బాషా తుక్కు కొట్లో కొన్నాను. అవి దాచేపల్లి నుంచి వచ్చిన బండివి. కొత్త బండి కొనే తాహతు నాకెక్కడిది సార్? రేపు గుంటూరు నుంచి అమరావతికి పాత కార్ల ర్యాలీ ఉంది. దాంట్లో మా బండి నంబరు పంతొమ్మిది."

"మరి కేసేంటి?"

కేసు ఇది. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు టిప్పర్లు తిప్పే యలమంద అనే కాంట్రాక్టరు నిన్న శుక్రవారం సాయంత్రం నాలుగింటికి స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. రెండేళ్ళ కిందట తన అంబాసిడర్ దొంగలు ఎత్తుకుపోయారనీ, అది పీరు షెడ్డులో ఉందనీ. ఈ ఉదయం పదింటికి ఎస్సై భవ్య వచ్చి బానెట్ ఎత్తి చూసింది. ఇంజన్ వెనక అడ్డురేకుకు రివెట్లతో బిగించిన చిన్న నంబరు రేకు ఉంటుంది. దాని మీద నంబరు యలమంద కాగితాల్లో ఉన్న నంబరుతో అక్షరం పొల్లు పోకుండా కలిసింది. బాడీ మీద గుద్దిన అసలు నంబరును తుప్పు ఎప్పుడో తినేసింది కాబట్టి రేకు మాటే ఆఖరి మాట. ఎస్సై మంచిదే. స్టేషన్లో రాతకోతలు పూర్తిచేసుకుని ఐదింటికి వస్తానని చెప్పి, కానిస్టేబుల్ జక్రయ్యను షెడ్డు బయట కూర్చోబెట్టి వెళ్ళింది. జక్రయ్య స్టూలు మీద నిటారుగా కూర్చుని గాఢంగా నిద్రపోతున్నాడు.

"రేకు మీద మొదట ఏ నంబరుండేది?"

"చివర నాలుగు వందల పదిహేడు సార్. ఇవాళ మేడమ్ చూస్తే ఎనిమిది వందల అరవై రెండు. అల్లా తోడు, నా కళ్ళు నేనే నమ్మలేదు."

"పాత నంబరు చివరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న పన్నెండున్నరకి, బ్యాటరీ బిగిస్తూ. ఒంటిగంటకి జుమ్మా నమాజుకి పోయాను. రెండుంపావుకి వచ్చాను. ఆ తర్వాత బానెట్ ఎత్తలేదు."

"పోయేటప్పుడు షెడ్డుకు తాళం వేశావా?"

"జుమ్మా టైములో తాళమెందుకు సార్? ఈ లైనంతా మావాళ్ళేగా."

"మీవాళ్ళంతా మసీదులో ఉంటే లైన్లో ఎవరుంటారయ్యా?"

ఇన్నేళ్ళ శుక్రవారాల్లో ఆ ప్రశ్న పీరుకెప్పుడూ తట్టలేదని ముఖం చూస్తేనే తెలిసింది. సర్దార్‌బీ నెత్తి కొట్టుకుంది.

చొక్కా చేతులు మడిచి బానెట్ కింద తలదూర్చాను. సర్వేయరు ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. బండి ఓనరు అబద్ధం చెబుతాడు, కాగితం అబద్ధం చెబుతుంది, బండి సందుల్లో ఉన్న దుమ్ము మాత్రం చెప్పదు. పెయింటు పైపైనే వేస్తారు. సందుల్లోకి వేలు పెట్టి తుడిచేవాడు ఎవడూ ఉండడు.

ముందు ఇంజన్. గాలి వడపోసే డబ్బా మూత విప్పి, దాని అడుగు మడతలోకి వేలు పెడితే దూది పీచు పోగులు పోగులుగా వచ్చింది. పత్తి మిల్లు. పీరు మాట నిజం. తర్వాత ఎడమ మడ్‌గార్డ్. కింద నుంచి చెయ్యి పెట్టి తడిమాను. బూడిద రంగు పెచ్చు, రాయిలా గట్టిగా తగిలింది. సిమెంటు దుమ్ము వానకు తడిసి బిగుసుకుపోయింది. దాచేపల్లి. అదీ నిజమే.

ఇక మిగిలింది ఆ నంబరు రేకు. టార్చి వేసి చూశాను. రేకు పాతదే, మూలలు అరిగిపోయి ఉంది. దాన్ని పట్టుకున్న నాలుగు రివెట్లు మాత్రం కొత్త రూపాయి బిళ్ళల్లా తళతళలాడుతున్నాయి. రివెట్ పక్కన సందులో ఎర్రటి పొడి కనిపించింది. తుప్పు అనుకుని వేలితో తీసి, సర్వేయరు బుద్ధి పోనిచ్చుకోక, ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పదకొండు తుమ్ములు. పన్నెండోది సగంలో ఆగిపోయింది, అది ఇంకా ఘోరం. బయట జక్రయ్య ఉలిక్కిపడి లేచి "ఎవడ్రా అది!" అని అరిచి, ఎవరూ లేరని చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"మిరప్పొడి సార్," అన్నాడు పీరు నొచ్చుకుంటూ. "ఆ బాడీ పద్నాలుగేళ్ళు యార్డులో మిరపకాయ టిక్కీ బస్తాల మధ్య తిరిగింది. అడ్డురేకు వెనక డొల్ల ఉంటుంది, దాని నిండా కారమే. నేను కడగలేక వదిలేశాను. చెప్పేలోపే మీరు పీల్చారు."

కళ్ళు తుడుచుకోబోయి, సమయానికి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ క్షణంలోనే కేసు సగం అర్థమైంది నాకు.

యలమంద బండి సిమెంటు బండి. దాని అడ్డురేకు సందుల్లో బూడిద రంగు దుమ్ముండాలి. ఇక్కడ కారముంది. అంటే బాడీ మిర్చి బండిది, రేకు మాత్రం సిమెంటు బండిది. నిన్న ఒంటిగంటకీ రెండుంపావుకీ మధ్య ఎవడో వచ్చి, పాత రివెట్లు డ్రిల్లు పెట్టి ఊడగొట్టి, రేకు మార్చాడు. వెనక డొల్ల నిండా కారం ఉందని వాడికి తెలియదు. డ్రిల్లు తిరిగిందంటే ఆ కారం ఎక్కడికి పోతుంది? నేరుగా ముఖం మీదికే.

ఇదంతా చెబితే ఎస్సై వింటుంది గానీ, కోర్టు దుమ్ము వాసన చూడదు. నాకు కాగితమో ఫోటోనో కావాలి.

"జాన్ బాషాను పిలువు," అన్నాను. అప్పటికి మూడూ ఐదు.

జాన్ బాషా తుక్కు కొట్టు పీరు షెడ్డు వెనకే. రెంటికీ మధ్య ఒక వెడల్పాటి రేకు తలుపు. దాన్ని తోసుకుని ఆయన బొజ్జ ముందు వచ్చింది, ఆయన తర్వాత వచ్చాడు.

"నాకేం తెలీదండి," అన్నాడు వస్తూనే.

"నేనింకా ఏం అడగలేదు కదయ్యా."

"అడిగాక చెబితే మీరు నమ్మరు కదండి."

"ఒరేయ్ బాషా," అన్నాడు పీరు ఏడుపు గొంతుతో, "నన్ను దొంగంటున్నార్రా."

ఆ మాటతో జాన్ బాషా మెత్తబడ్డాడు. యలమందే స్వయంగా బండి తెచ్చి తుక్కు కింద అమ్మాడనీ, ఎత్తుకొచ్చింది కాదనీ చెప్పాడు.

"కరిగించెయ్, ముక్క మిగలకూడదు అన్నాడండి. సరేనన్నాను. మేం అందరికీ సరేనంటాం."

"కరిగించలేదా?"

జాన్ బాషా నా వైపు జాలిగా చూశాడు. "బంగారం లాంటి బానెట్టండి అది. ఎవడన్నా కరిగిస్తాడా? ఆటోనగర్‌లో ఏ బండీ పూర్తిగా చావదు సార్. ఒకదాని తలుపు ఒకదానికి, ఒకదాని సీటు ఒకదానికి. బయటివాళ్ళకి తుక్కంటే కరిగిపోయిందని లెక్క. మాకైతే అప్పుడే బేరం మొదలు."

"నంబరు రేకు ఏం చేశావు?"

"పీకి ఓనరు చేతిలో పెట్టేశానండి. వాళ్ళు దాన్ని ఆర్టీవో ఆఫీసులో ఇచ్చి బండి పేరు కొట్టేయించుకోవాలి. ఇచ్చేటప్పుడు ఓనరు చేత రేకు పట్టించి ఫోటో తీస్తాం. ఏదన్నా పోతే పోలీసులు ముందు వచ్చేది మా తుక్కు కొట్లకే గదా సార్. ఆ భయం."

నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది గానీ, చొక్కా చూసి ఆగిపోయాను. "ఆ ఫోటో ఉందా?"

"ఉంటుందండి. ఫోన్లోనే."

ఫోన్లో ఉన్న ఫోటోలు పద్దెనిమిది వేలు. మూడుంపావు నుంచి నాలుగూ ఇరవై దాకా ఆ తెర మీద నేను చూసినవి చెబితే మీరు నమ్మరు. ఆయన మేనకోడలు షాజాదీ పెళ్ళి ఒక్కటే పదకొండు వందలు. బిర్యానీ డేగిసాలు, పగిలిన అద్దాలు, ఒకే మేకపోతు నలభై మూడు భంగిమల్లో. "ఇది బక్రీద్‌కి కొన్నదండి, ఎంత చక్కగా చూస్తుందో," అని ప్రతి ఫోటో దగ్గరా ఆగుతున్నాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"బాషా, ఆ మేకను ఇంకొక్కసారి చూపించావంటే ఐదింటికి నిన్ను కూడా జీపెక్కిస్తాను."

నాలుగూ ఇరవై ఒకటికి దొరికింది. తెల్ల చొక్కా, మెడలో గొలుసు, చేతిలో నంబరు రేకు. పెళ్ళిచూపులకు ఫోటో దిగుతున్నట్టు నవ్వుతున్నాడు యలమంద. పెద్దది చేసి చూశాను. చివర ఎనిమిది వందల అరవై రెండు. తారీకు రెండేళ్ళ కిందటి నవంబరు పంతొమ్మిది.

తనంతట తాను అమ్ముకుని, రేకు చేతిలో పట్టుకుని నవ్విన మనిషి, రెండేళ్ళ తర్వాత దొంగలు ఎత్తుకుపోయారంటున్నాడు. ఎందుకు? అన్నేళ్ళ పాత బండి కోసం ఇంత తతంగం ఎవడు చేస్తాడు?

"మీ బండి ఇక్కడుందని అతనికెలా తెలిసింది?" అని అడిగాను.

"మా పిల్ల సైమా," అంది సర్దార్‌బీ. "ఫోన్లో వీడియో పెట్టింది పోయిన వారం, మా నాన్న కారు అని. ఈయన ఒక్కో ముక్క తట్టి చూపిస్తూ, ఇది ఫలానా ఊరిది, ఇది ఫలానా బండిది అని చెప్పాడు. వేలమంది చూశారన్నా."

అందులో ఒకడు దాచేపల్లిలో కూర్చుని చూశాడన్నమాట.

నాలుగున్నరకి లైన్లో బుల్లెట్ మోత వినిపించింది. ఆ మోత నాకు బాగా తెలుసు. వీరబాబు. ఊళ్ళో రెండో డిటెక్టివ్. అతని బోర్డు మీద మాత్రం 'మొదటి' అని ఉంటుంది. ముప్పై ఏళ్ళవాడు, డ్రోన్ ఒకటి కొన్నాడు, దాంతో పావురాలను తప్ప ఎవర్నీ పట్టుకోలేదు. యలమంద తరఫున పనిచేస్తున్నది వాడేనని జక్రయ్య అంతకు ముందే నా చెవిలో వేశాడు.

నల్ల కళ్ళద్దాలతో లోపలికి వచ్చాడు. కుడిచేతిలో చల్లటి కూల్‌డ్రింక్ సీసా.

"ఏం గురువు గారూ," అన్నాడు. "ఇంకా దుమ్ము తుడుచుకుంటూనే ఉన్నారా? కాలం మారింది. నేనైతే ఒక్క రోజులో బండి పట్టేశాను."

"నువ్వు పట్టావా, నువ్వే పెట్టావా?"

"ఆధారం చూపించండి, మాట్లాడదాం. నంబరు మాట్లాడుతోంది కదా. మీరు పాత సరుకైపోయారు సార్, ఇంటికెళ్ళి మనవళ్ళకి కథలు చెప్పుకోండి."

నాకు మనవళ్ళు లేరు. అసలు పెళ్ళే కాలేదు. కడుపు మండిపోయింది. "నీ డ్రోనుకు పెట్టిన శ్రద్ధ నీ బుర్రకు పెట్టి ఉంటే ఈపాటికి బాగుపడేవాడివి," అన్నాను. ఇద్దరం ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికి వచ్చాం. అప్పుడే గమనించాను. సీసా మూత తియ్యలేదు. కుడిచేతి నుంచి ఎడమచేతికి, ఎడమ నుంచి కుడికి మారుస్తున్నాడు, తాగడం లేదు. చీకటి షెడ్డులో కళ్ళద్దాలు తియ్యడం లేదు.

ఐదు కాకముందే ఎస్సై భవ్య జీపు దిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ వింటుంది. జాన్ బాషా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. ఫోటో చూసింది, తారీకు చూసింది, ఇంకోసారి ఫోటో చూసింది.

"ఈ రేకు రెండేళ్ళ కిందట యలమంద చేతిలో ఉంది మేడమ్. నిన్న జుమ్మా టైములో ఇక్కడికి వచ్చింది. డ్రిల్లు పెట్టినవాడి ముఖం మీద పద్నాలుగేళ్ళ గుంటూరు కారం పడింది. వీరబాబును కళ్ళద్దాలు తియ్యమనండి."

"నాకు కండ్లకలక మేడమ్!" అన్నాడు వీరబాబు. "డాక్టరు తియ్యొద్దన్నాడు."

"తియ్యండి," అంది భవ్య.

తీశాడు. రామ రామ! రెండు కళ్ళూ యార్డులో ఆరబోసిన పండు కాయల్లా ఉన్నాయి. పీరు కూడా "అయ్యో" అన్నాడు.

"కండ్లకలకే మేడమ్, ఒట్టు," అన్నాడు కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ.

సర్దార్‌బీ ముందుకు వచ్చి వాడి చెయ్యి పట్టుకుని వేళ్ళు విడదీసి చూసింది. "పన్నెండేళ్ళు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీశానయ్యా. ఇది కాయల మంట. నిన్నట్నుంచి చన్నీళ్ళతో కడుగుతున్నావు గదా? అందుకే తగ్గట్లా. నూనె రాస్తే గంటలో పోద్ది." కొంగు చాటు నుంచి కొబ్బరినూనె సీసా తీసింది. ఇందాక నేను కారం పీల్చిన దగ్గర్నుంచీ నా కోసం తెచ్చి పెట్టుకుందట. "కళ్ళకి మాత్రం రాయకూడదు, చేతులకే. కావాలా?"

పాపం, వీరబాబు మనసు వద్దంది. చేతులు మాత్రం వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి.

సర్దార్‌బీ పసిపిల్లాడికి రాసినట్టు రాసింది. ఆ చల్లదనానికి వాడు అరమోడ్పు కళ్ళతో "అబ్బా..." అన్నాడు. మరుక్షణం తానేం ఒప్పుకున్నాడో అర్థమై గుడ్లు తేలేశాడు.

"చెప్పండి," అంది భవ్య.

"నాకేం తెలీదు మేడమ్, రేకు ఆయనిచ్చాడు, మార్చమన్నాడు, మార్చాను. అసలు బండి మొత్తం అక్కర్లేదన్నాడు. ముందు ఎడమ మడ్‌గార్డ్ ఒక్కటి తన చేతికొస్తే చాలన్నాడు. మిగతాది మెకానిక్కే ఉంచుకోమను అన్నాడు."

పీరు వైపు తిరిగాను.

"ఆ మడ్‌గార్డ్ కొన్నప్పుడు ఎలా ఉంది?"

"లోపలికి నొక్కుకుపోయి ఉంది సార్, ఇంత లోతు. తొమ్మిది రోజులు సుత్తి పెట్టి పైకి తెచ్చాను. లప్పం కూడా పెట్టలేదు. పైన అంతా నున్నగా చేశాను గానీ, లోపలి మడతలో సిమెంటు పెచ్చు ముట్టుకోలేదు. తుప్పు పట్టకుండా అదే కాపలా అని వదిలేశాను."

నేల మీద వెల్లకిలా పడుకుని చక్రం పక్కన తల పెట్టి టార్చి వేశాను. ఇందాక వేలితో తడిమానే తప్ప కళ్ళతో చూడలేదు. మడత లోపల, గట్టిపడిన సిమెంటులో చిక్కుకుని, ఎర్రటి చేతిగాజు ముక్కలు రెండు. వాటి పక్కన పూల చీర పేలిక, గోరంత.

భవ్య కూడా పడుకుని చూసింది. లేవడానికి చాలాసేపు పట్టింది.

"నవంబరు పద్దెనిమిది," అంది. "దాచేపల్లి రోడ్డు. పత్తి తీతకు నడిచి వెళ్తున్న కూలీ మనిషి. లక్ష్మీదుర్గ. తెల్లవారుజామున ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. ప్రొబేషన్లో నా మొదటి కేసు అది. బండి దొరక్క మూసేశారు. వాళ్ళాయన ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేస్తాడు, బండి దొరికిందా అమ్మా అని. ఏం చెప్పాలో తెలియక ఒక్కోసారి ఫోన్ ఎత్తను."

సర్దార్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీరు తన చేతులు తాను చూసుకుంటున్నాడు. తొమ్మిది రోజులు సుత్తి పట్టిన చేతులు.

"విప్పి ఇవ్వనా మేడమ్?" అని, కిందికి వంగి బోల్టులు చూసి తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఆ మడతలోనే బిగుసుకుపోయాయి, అక్కడే సుత్తి పెట్టాలి. సుత్తి పడితే గాజు రాలిపోద్ది."

"క్లూస్ టీమును ఇక్కడికే పిలుస్తాను. కానీ పీరు గారూ, బండి మొత్తం సీజ్ చెయ్యాలి. కేసు తేలేదాకా స్టేషన్లోనే ఉంటుంది." భవ్య గొంతు తగ్గించింది. "రెండేళ్ళు పట్టొచ్చు, ఐదేళ్ళు పట్టొచ్చు."

స్టేషన్ ఆవరణలో బండ్లు ఎలా ఉంటాయో అక్కడ తెలియనివాళ్ళు లేరు. టైర్లు మట్టిలో కలిసిపోయి, లోపల పిచ్చిమొక్కలు మొలిచి. పీరు మీగడ రంగు తలుపు మీద ఒకసారి చెయ్యి వేశాడు.

"రేపు ర్యాలీ సార్," అన్నాడు నాతో. అంతే అన్నాడు. తర్వాత భవ్యతో, "సీజ్ చేసుకోండమ్మా. ఆయనకి ఫోన్ చేసి దొరికిందని చెప్పండి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే వీరబాబు జేబులో ఫోన్ మోగింది. తెర మీద 'యలమంద గారు'. భవ్య స్పీకరు పెట్టి మాట్లాడమని సైగ చేసింది.

"ఏరా, ఐదైంది, ఏమైంది?" అంది అవతలి గొంతు. వీరబాబు భయంతో కిక్కురుమనలేదు. "నువ్వు పనికిరావని నాకు తెలుసులే. టిప్పరు పంపించా. వెనక్కి వచ్చి షెడ్డు మీదికి ఎక్కిస్తాడు. బ్రేకు ఫెయిలైందంటాడు. నువ్వు పక్కకి జరుగు."

ఫోన్ పెట్టేశాడు. లైను మొదట్లో పెద్ద ఇంజను రొద. ఇసుక రంగు టిప్పరు ఒకటి, వెనక్కి, మూడో లైన్లోకి వస్తోంది. దారిలో భవ్య జీపును పక్కకి నెట్టేసింది. భవ్య పిస్తోలు తీసి పరిగెత్తింది. జక్రయ్య స్టూలు ఎత్తుకుని ఆమె వెనకాల పరిగెత్తాడు.

"బండి తియ్, పీరూ!" అని అరిచాను.

"బాషా, నీ కొట్టు గేటు తెరువు!" అని పీరు స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను ఎడమ పక్క సీట్లో పడ్డాను. పత్తి మిల్లు ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. జాన్ బాషా రేకు తలుపు పీకి పారేసి గేటు తియ్యడానికి పరిగెత్తాడు; సర్దార్‌బీ వీరబాబును రెక్క పట్టి లాక్కుంటూ ఆయన వెనకే పోయింది. తుక్కు కొట్లో తలుపుల గుట్టలకూ సైలెన్సర్ల గుట్టలకూ మధ్య నుంచి, గీత కూడా పడకుండా, సూదిలో దారం దూర్చినట్టు దూర్చాడు పీరు. వెనక షెడ్డు రేకులు ఫెళఫెళమన్నాయి. తుపాకీ ఒకసారి పేలింది. టిప్పరు రొద ఆగిపోయింది.

కొట్టు గేటు దాటి వాలు దిగి రోడ్డెక్కాం. వంద గజాల దూరంలో, రోడ్డు మధ్యలో, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఇందాక ఫోటోలో నవ్విన మనిషే. పని ఎలా అయిందో స్వయంగా చూసుకోవడానికి వచ్చాడు.

"యలమంద! పీరూ, బ్రేకు వెయ్!"

"బ్రేకు ఆయిలు రేపు పొద్దున పోద్దామనుకున్నాను సార్."

"హ్యాండ్ బ్రేకు?"

"లాగండి." లాగాను. ఊడి నా చేతిలోకి వచ్చింది.

యలమంద తలెత్తాడు. తన బానెట్టూ, తన మడ్‌గార్డూ, రెండేళ్ళ కిందటే కరిగిపోయిందనుకున్న ఆ బండి ముఖం, తన మీదికే వస్తోంది. పరిగెత్తడం మరిచిపోయి రోడ్డు మీద చతికిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"నా తప్పు కాదు! ఆమే అడ్డం వచ్చింది! ఆమే అడ్డం వచ్చింది!"

ఆ కేకకి పంక్చరు షాపులో ఉన్న పదిమందీ బయటికి వచ్చారు. ఆమె ఎవరని ఇంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు.

రోడ్డుకు ఎడమ పక్క సిమెంటు దిమ్మె. కుడి పక్క పంక్చరు షాపు పాత టైర్ల గుట్ట, దాని ముందు ఇనుప చట్రం. పీరు స్టీరింగు కుడికి తిప్పాడు, తన వైపుకి. చట్రం కుడి తలుపును ముందు నుంచి వెనక దాకా చీల్చుకుంటూ పోయింది. కుడి దీపం పగిలింది. టైర్లు మా మీద పడ్డాయి. బండి ఆగింది. యలమంద బండికి మూడడుగుల దూరంలో కూర్చుని ఇంకా అదే మాట అంటున్నాడు.

నాకు దెబ్బలేం తగల్లేదు. పీరు నుదుటి మీద రక్తం. అతని తలుపు తెరుచుకోలేదు. నా మీద నుంచి పాక్కుంటూ ఎడమ వైపు నుంచి దిగాడు. రెండేళ్ళ పని కుడి పక్కన ముద్దయి పడి ఉంది. అటు ఒక్కసారి కూడా చూడలేదు. ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, మడత లోపలికి చూశాడు.

"గాజు ముక్కలు ఉన్నాయి సార్," అన్నాడు. "రెండూ ఉన్నాయి. కదల్లేదు."